పెద్దసారు ఖాళీ చేసిన కుర్చీ

మొన్న మా చెల్లెలి కూతురు కరీంనగర్‌లో ఒక కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో ఉద్యోగం కోసం వెళ్లి, అనుభవం లేదనిపించుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా మా వరండాలో కూర్చుండిపోయింది. ఆ పిల్లకు ధైర్యం చెబుతూ చెబుతూ నేను నా ఆదిలాబాద్ రోజుల్లోకి వెళ్లిపోయాను.

మా బాపు హుజూరాబాద్ చర్చిలో పని చూసుకుంటూ, ఉన్న కాస్త పొలం దున్నుకుంటూ నన్ను డిగ్రీ దాకా చదివించాడు. టైపు తప్ప వేరే విద్యేదీ రాని నేను ఆదిలాబాద్‌లో ఒక నూలు మిల్లుకు దరఖాస్తు పెట్టుకున్నాను. హెచ్.ఆర్. అన్న మాట అప్పటికి మా దాకా రాలేదు, పర్సనెల్ ఆఫీసు అనేవాళ్లం. అక్కడి పెద్దసారు నన్ను ఎగాదిగా చూసి, "ఇంతకుముందు ఎక్కడన్న చేసినవా బిడ్డా?" అని అడిగారు. లేదన్నాను. "మంచిదే. నిన్ను చెడగొట్టెటోళ్లు ఇంకా దొరకలేదన్నట్టు" అని, ఆ రోజే నన్ను పనిలో కూర్చోబెట్టారు.

ఆ ఎండాకాలంలోనే మిల్లుకు కొత్త మేనేజర్ వచ్చి, చంటిపిల్లల తల్లులు మధ్యాహ్నం ఇంటికి పోయి పాలిచ్చి రావడాన్ని బంద్ చేశాడు. ఆడవాళ్లంతా పని ఆపి గేటు నీడన కూర్చున్నారు. సాయంత్రానికల్లా లోపలికి రాకపోతే వాళ్ల బదులు వేరేవాళ్లను తీసుకుంటానన్నాడు మేనేజర్. ఆఫీసు మొత్తానికి ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి పెద్దసారు నన్ను వాళ్ల దగ్గరికి పంపారు. ఏం మాట్లాడాలో తెలియక నేనూ వాళ్ల మధ్యనే నేల మీద కూర్చున్నాను. వాళ్లలో పెద్దామె ఒకతి, "నువ్వు నిన్నమొన్న వచ్చినదానివి, నీకేం ఎరుక?" అంది.

"నాకేం తెల్వదక్కా. మీరే చెప్పుండ్రి."

చెప్పారు. చెబుతున్నంతసేపూ నా పక్కనున్న చిన్నది పాలు చేపి తడిసిన రవికను కొంగుతో కప్పుకుంటూనే ఉంది.

నేను వెళ్లి వాళ్ల గోడు చెప్పాక పెద్దసారు మేనేజర్‌ను అడగనైనా లేదు. మా ఆఫీసు పక్కనే పాత సామాను పడేసిన గదిని ఖాళీ చేయించి, చీరలతో ఉయ్యాలలు కట్టించారు. పిల్లలను అక్కడికే తెప్పించుకోవచ్చని కబురు పోవడంతో పొద్దుగూకక ముందే ఆడవాళ్లు మిషన్ల దగ్గరికి వెళ్లారు.

ఆ గదికి మూల్యం పెద్దసారే చెల్లించారు. పై అనుమతి లేకుండా చేశారన్న నెపంతో ఆయనను తీసేశారు. కార్మికులు మళ్లీ పని ఆపుతామంటే ఆయనే ఒప్పుకోలేదు. "నా కోసం ఆపకుండ్రి. గీ గది ఉన్నది, గది చాలు" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు. వేరే మనిషి దొరక్క మిల్లువాళ్లు ఆయన కుర్చీ నాకిచ్చారు. వద్దనాలనే అనిపించింది, కానీ ఇంటి దగ్గర బాపుకు ఒంట్లో బాగుండటం లేదు. కూర్చున్నాను. నా అనుభవం అక్కడి నుంచే మొదలైంది.

చాలా ఏళ్లకు, పెద్ద కంపెనీలో ఆఫీసరునయ్యాక, ఆయన నిర్మల్‌లో ఒక కొయ్యబొమ్మల దుకాణంలో ఉన్నారని తెలిసి వెళ్లాను. బొమ్మలకు కాగితం చుడుతున్న మనిషి నన్ను చూసి గబగబా లేచి, "రండి మేడమ్" అన్నారు. అంతకుముందు ఎన్నడూ ఆయన నోట ఆ మాట వినలేదు. బిడ్డా అనండి సార్ అని అడుగుదామనుకుంటూనే ఆయన చూపిన స్టూలు మీద కూర్చున్నాను. చాయ్ తెప్పించారు. మిల్లు ఊసెత్తబోతే, "ఎండల పడి వచ్చిండ్రు, జర చల్లబడేదాక కూసోండ్రి" అని మాట మార్చారు. అదే ఆయనను ఆఖరుసారి చూడటం.

ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఇళ్లు లేచాయి. పదవీ విరమణ దాకా నేను ఎందరినో ఉద్యోగాల్లోకి తీసుకున్నాను. ప్రతిసారీ దరఖాస్తులు నా ముందుకు వచ్చేసరికే కొత్తవాళ్లను ఎవరో ఏరి పక్కన పెట్టేసి ఉండేవాళ్లు. మిగిలినవాళ్లంతా పని తెలిసినవాళ్లే, పని బాగానే చేశారు. కానీ ఏమీ తెలియని ఒక్క పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మంచిదే అనే భాగ్యం మాత్రం నాకు దక్కలేదు.