జెల్యో బాబాయి కొలత

మా జెల్యో బాబాయికి టేపు పట్టి కొలవడం అస్సలు గిట్టదు. ఏ పని చేసినా ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, జానలు లెక్కపెట్టి మేకు కొట్టేస్తాడు. కొట్టాక రెండడుగులు వెనక్కి వేసి, "కొలత సరిపోయింది!" అంటాడు. నల్లసముద్రం ఒడ్డున వేసవికి బండ్లు, గుడారాలు వేసుకునే మా క్యాంపులో, అది నిజంగా సరిపోవడం చూసినవాడు మాత్రం లేడు.

తన క్యాంపర్ బండిలో, అంటే వాళ్ల చక్రాల ఇంట్లో, వంటబల్ల బిగించాడు. అది నా ఛాతీ దాకా వచ్చింది.

"బాబాయ్, దీని ముందు కూర్చుంటే కంచం కనపడదు కదా?"

"కూర్చోమని నిన్నెవడు పిలిచాడ్రా?"

తర్వాత అద్దం పెట్టాడు. అందులో నా బొజ్జ తప్ప ఇంకేమీ కనపడదు. వాళ్లావిడ రాడ్కా పిన్ని మాత్రం కిక్కురుమనదు. పెళ్లయిన కొత్తలోనే చెప్పి చెప్పి అలిసిపోయి ఉంటుందని మా అందరి అనుమానం.

ఈయన్ని ఏడిపించడంలో గిన్కా బామ్మ తర్వాతే ఎవరైనా. పక్కనున్న పాత కారవాన్ బండి ఆవిడదే. నేను పుట్టకముందు నుంచీ ఆవిడ వేసవులన్నీ అక్కడే గడిచాయి. అలాంటిది ఈ ఏడు మోకాళ్లు మొండికేశాయి. సముద్రంలో ఎలాగో మునుగుతుంది గానీ, ఆ ఉప్పు కడుక్కోవడానికి గుట్ట మీది స్నానాల గదికి మెట్లెక్కాలి. ఎక్కినా అక్కడ కూర్చునే చోటు లేదు.

"ఎండుచేపలా పడుకోవడం నా వల్ల కాదు. ఆదివారం ఇంటికి పోతా. ఇంక రాను," అని తేల్చేసింది. క్యాంపంతా దిగులు పడింది. ఆవిడ తిట్లు లేకపోతే అదేం వేసవి!

సరిగ్గా ఆ వారమే బాబాయి తన బండికి బయట షవర్ పెడతానని బయల్దేరాడు. నాకు ఒళ్లు మండింది. ముసలావిడ వెళ్లిపోతుంటే ఈయనకి స్నానాల సరదా పుట్టిందా! లావుపాటి ప్లాస్టిక్ గొట్టానికి నల్లరంగు పూసి బండి పైన కట్టాడు. ఎండకి అందులో నీళ్లు కాగుతాయట. దానికో కుళాయి, రబ్బరు పైపు, చివర మొక్కలకి నీళ్లు చల్లే క్యాను మూతి. ఇంతవరకూ భేషుగ్గా ఉంది. ఆఖర్న ఒక కన్ను మూశాడు, జానలు లెక్కపెట్టాడు, ఆ మూతిని నా భుజాల ఎత్తులో బిగించాడు!

బామ్మ కర్ర ఊతంగా వేసుకుంటూ వచ్చి చూసింది. "ఒరే జెల్యో, ఇది నీకా, కుక్కకా?"

"కొలత సరిపోయింది అత్తా."

"సరిపోయిందిలే. మోకాళ్ల మీద నిలబడి పోసుకో. స్నానం, ప్రార్థన రెండూ అయిపోతాయి."

అందరం పడీ పడీ నవ్వాం. ఆయన స్క్రూ తిప్పుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. ప్రయాణం నీళ్లలా సాఫీగా సాగాలని, వెళ్లేవాళ్ల దారిలో నీళ్లు పోయడం మా ఆచారం. రాడ్కా పిన్ని రాగి చెంబు నింపి తెచ్చింది. బామ్మ మూట పట్టుకుని నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, చెమటేనని బుకాయిస్తోంది. పిన్ని చెంబు వంచబోయింది.

"ఆగవే, ఈవిడకి నీళ్లు నేను పోస్తాను," అంటూ బాబాయి అడ్డొచ్చాడు.

బామ్మ వాడే మడత కుర్చీ తెచ్చి షవర్ కింద వేసి, చుట్టూ దుప్పటి తెర లాగాడు.

"నాకు బస్సుందిరా వెధవా!"

"పోతే పోనీ. ముందు కూర్చో అత్తా."

కట్టుబట్టలతోనే కూర్చుంది. కుళాయి తిప్పాడు. గోరువెచ్చటి నీళ్లు సరిగ్గా నడినెత్తిన పడ్డాయి.

"ఒరే జెల్యో!" అని తెర లోపలి నుంచి కేక వినపడింది. "సబ్బేదిరా?"

"స్నానం శుభం!" అని క్యాంపంతా ఒక్క గొంతుతో అరిచింది. స్నానం చేసినవాళ్లని మావైపు అలాగే దీవిస్తారు. చెంబులో నీళ్లు పిన్ని టమాటా మొక్కకి పోసేసింది. బస్సు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

అప్పుడు నాకు ఆ వంటబల్ల గుర్తొచ్చింది. "పిన్నీ, అది కూడా..."

"నడుం వంచలేను కదరా. నిలబడే పిండి కలుపుకుంటా," అంది పిన్ని నవ్వుతూ.

"మరి అద్దం?"

బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కగా వెళ్తూ అన్నాడు: "అది నీ కొలతేరా. ఆ బొజ్జ సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పాలిగా!"