తలుపు గాజులోంచి చూడమన్న డాక్టర్ గారు

ప్రయోగాల జంతువులుండే యానిమల్ హౌస్ తలుపుకున్న చిన్న గాజులోంచి చూసినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. లోపల శారదాంబ మేడమ్ ఒక్కరే ఉన్నారు. వీపు వంచి, కళ్లు సగం మూసి, చేత్తో పొట్ట అదిమి పట్టుకుని. నేను తలుపు తీయగానే నిటారుగా కూర్చుని నవ్వారు. "ఏంటమ్మా, పిల్లలు రాత్రి నిద్రపోనిచ్చారా?" అన్నారు. నొప్పిగా ఉన్న కుందేలు మనిషిని చూస్తే సరిగ్గా అలాగే చేస్తుంది. అది ఆమె నేర్పిన పాఠమే.

నిన్న సాయంత్రం పంజాగుట్ట ఆసుపత్రిలో మేడమ్ కన్నుమూశారన్న వార్త వినగానే నా కళ్ల ముందు ఆ గాజే నిలిచింది.

అమీర్‌పేటలోని మా మందుల పరిశోధనశాలలో ఎలుకలు, కుందేళ్ల బాగోగులు చూసే పశువైద్యురాలు ఆమె. ఆపరేషన్ అయిన జంతువు దగ్గరికి మమ్మల్ని తిన్నగా వెళ్లనిచ్చేవారు కాదు. మనిషి అలికిడైతే కుందేలు నొప్పిని దాచేస్తుంది. అందుకే ముందు గాజులోంచి చూడాలి. ఒకసారి బోరబండ నుంచి వచ్చే అటెండర్ యాదగిరి, "గీ కుందేలు మస్తు మంచిది మేడమ్, సూది గుచ్చినా జర సుత కదలలే" అని మెచ్చుకున్నాడు. "మంచితనం కాదు నాయనా, భయంతో బిగుసుకుంది. పద, బయటి నుంచి చూద్దాం" అన్నారు. మేం బయటికి రాగానే అది ముడుచుకుపోయి పళ్లు నూరసాగింది. మేత ముట్టలేదు. ఆ పూటే మందు మోతాదు మార్చారు.

కోతకు ముందే నొప్పి మందు పడాలన్నది ఆమె పట్టుదల. నొప్పితో గూడు కట్టుకోని చిట్టెలుక కనిపిస్తే ఆమెకు అన్నం సహించేది కాదు. ఒక సైంటిస్టు ఎగతాళిగా, "మైత్రీవనంలో ఆ కంప్యూటర్ కోచింగుల మధ్య మీరూ ఒకటి పెట్టండి మేడమ్, జావా పక్కనే ఎలుకల నొప్పి కోర్సు!" అన్నాడు. "మొదటి స్టూడెంట్ మీరేనండీ. నొప్పితో ఉన్న ఎలుక మీ ప్రయోగానికి నిజం చెప్పదు" అన్నారామె. ఆ తర్వాత ఆయన నొప్పి మందు ఇవ్వకుండా కత్తి పట్టలేదు.

మేడమ్‌ని గాజులోంచి చూసిన ఆ రోజు నేను వదల్లేదు. "కడుపునొప్పా మేడమ్?" అన్నాను. "గ్యాసమ్మా. ముందు ఆ కుట్లు వేసిన కుందేలు తిందేమో చూడు" అన్నారు. బలవంతాన ఆటో ఎక్కించాను. అప్పటికే జబ్బు ముదిరిపోయిందన్నారు డాక్టర్లు. ఎన్నాళ్ల నుంచి అని మేడమ్‌ని అడిగితే, "పని ఉంది కదమ్మా" అన్నారు, అంతే.

మూగజీవుల వేదనను అంత సూక్ష్మంగా కనిపెట్టిన ఆ కరుణామయి తన వేదనను మా అందరి నుంచీ దాచుకున్నారు. ఆ గాజు ముందు ఇక ఎవరు నిలబడినా ఆ చూపు మాత్రం రాదు.

నా భయం ఇప్పుడు ఇంట్లో ఉంది. మా పెద్దవాడు మోకాలు గీరుకుపోతే వీధి దద్దరిల్లేలా ఏడుస్తాడు. చిన్నది ఎంత దెబ్బ తగిలినా లేచి నవ్వుతుంది. బంగారుతల్లి అంటారు చుట్టాలు. రాత్రి ఇది రాస్తూ లేచి తలుపు సందులోంచి చూశాను. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది. నిద్రో, నొప్పో తెలియలేదు.

పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "నొప్పి పుడితే నాకు చెప్పండి. చుట్టాలున్నా సరే, నేను పనిలో ఉన్నా సరే. కోప్పడను."

చిన్నది ఇడ్లీ ముట్టకుండా నా వైపు చూసి నవ్వింది.

"నవ్వక్కర్లేదు నాన్నా" అన్నాను. "ఎక్కడ నొప్పో చూపించు."