దుబాయికి పోయిన ఒక్క మాట

మనిషి గొంతు దరియా దాటి పోతదని నాకు లగ్గమైనంకనే తెల్సింది. మా ఆయన దుబాయిల కూలి పని చేస్తుండె. నేను ఎల్లారెడ్డిల అత్తగారింట్ల ఉంటుంటి. ఉత్తరం రాయాలంటే సదువొచ్చినోళ్ల కాళ్లు పట్టుకోవాలె. అందుకని మా గల్లీల ఇంటింటికీ క్యాసెట్లే. టేప్‌రికార్డర్ చుట్టూ ఇంటిల్లిపాది కూసోని ఒకరెనుక ఒకరు మాట్లాడుడు, దుబాయి పోయేటోళ్ల చేతికిచ్చి పంపుడు. ఆయన గొంతు సుత అట్లనే క్యాసెట్ల మీద వస్తుండె. గోరంత వెడల్పు లేని ఆ నల్ల రీలు మీద మా బర్రె అరుపు సుత అంత దూరం పోతదంటే, నాకు చెంపలేసుకోబుద్దయితుండె.

మా కొడుకు కడుపుల ఉండంగనే ఆయన పోయిండు. వానికి మూడేండ్లు నిండినయి. దసరాకు తప్పక వస్తనన్న మనిషి, ఇంకో ఏడాది ఆగాలెనని కబురు పంపిండు. నాకు ఒళ్లు మండింది.

ఆ నెల క్యాసెట్ నింపినం. మా అత్త నోరు తెరిస్తే ఏ రీలూ సరిపోదు. బర్రె ఈనింది, చెరుకు మంచిగొచ్చింది, బావిల నీళ్లున్నయి, ఆడిబిడ్డకు సంబంధం కుదిరింది. అన్నీ మంచి ముచ్చట్లే. కొడుకు పది దాక లెక్క చెప్పుకుంట ఏడు మర్చిపోయి కిలకిల నవ్విండు. ఆఖరి రెండు నిమిషాలు పెండ్లానికి ఇడిసి అందరు బయటికి పోతరు, అది మా దిక్కు మర్యాద. అందరు పోయిన్రు. నేను టేప్ దగ్గరికి వంగిన.

“రాకున్నా మంచిదే. నీ కొడుకుకు నీ మొఖమే ఎర్కలేదు.”

టక్కున బటన్ ఒత్తిన. దుబాయి పోయే పక్కింటాయన అప్పటికే వాకిట్ల నిలవడ్డడు. మా అత్త ఆ క్యాసెట్‌ను మామిడికాయ తొక్కు డబ్బతోని కలిపి బట్టల మూట కట్టి ఇచ్చింది.

తెల్లారి కోపం దిగంగనే పిల్లగాన్ని సంకలేసుకోని కామారెడ్డి బస్సెక్కిన. స్టేషన్‌ల ఉరికిన గని, పక్కింటాయన ఎక్కిన బొంబాయి దిక్కు రైలు అప్పుడే పోయిందన్నరు. ప్లాట్‌ఫారం మీదనే కూలవడి ఏడ్చిన. నోట్లకెల్లి వచ్చిన మాటను తిరిగి పట్టుకుందామని బస్సెక్కి పోయిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే కావచ్చు.

మూడు నెలలు ఆయన తాన నుంచి క్యాసెట్ లేదు, కబురు లేదు. పక్కింటాయన ఇయ్యలేదేమోనని మా అత్త తిట్టుకుంటుండె. అసలు సంగతి నాకొక్కదానికే ఎర్క. అంతకు ముందు ఎన్ని క్యాసెట్లల్ల ఎంత ప్రేమగ మాట్లాడిననో నాకే యాదికి రాలే. ఆ ఒక్క మాటనే చెవుల గిర్రగిర్ర తిరిగింది. ఆయన మనసు ఇరిగింది, ఇగ రాడు అనుకున్న.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పెద్ద సూట్‌కేస్‌తోని వాకిట్లకు వచ్చిండు. చిక్కి సగమైండు. కొడుకు నా కొంగు చాటుకు దూరిండు. తప్పైందని అన్న. ఆయన నా మాటను నా గొంతుతోనే తిరిగి చెప్పిండు. మాటకు ముందు నేను తీసుకున్న ఊపిరి, ఎనుక వంటింట్ల గిన్నె పడ్డ సప్పుడు సుత చెప్పిండు. గింత యాది పెట్టుకున్న మనిషి, బర్రె ఈనిందా అని వాళ్లమ్మను అడిగిండు! అరగంట ముచ్చట్లల్ల ఒక్కటీ ఆయనకు అంటలేదు.

“ఇంట్ల అంతా మంచిగుందని ఇనుకుంట పండుకున్న. ఆ మాటకు లేచి కూసున్న. మల్ల నిద్ర రాలే” అన్నడు.

మూడు నెలలు పాస్‌పోర్ట్ గుంజుకోని పెట్టుకున్న అక్కడి సేటు ఎనుక తిరిగి, బతిమిలాడి తెచ్చుకున్నడట. పెంకుటిల్లు ఎక్కడ కురుస్తదో అక్కడనే కద గిన్నె వెడ్తం, మిగిలిన కప్పు దిక్కు ఎవరు చూస్తరు అనుకున్న.

కాళ్లు కడుక్కుంట ఆయన వాళ్లమ్మను తువ్వాల అడిగిండు. ఆ గొంతు మల్ల ఇనంగనే కొడుకు నా కొంగు ఇడిసి ఇంట్లకు ఉరికిండు. టేప్‌రికార్డర్‌కు చెవి ఆనించిండు. మూత తీసి చూసిండు, లోపల క్యాసెట్ లేదు. మెల్లగ బయటికొచ్చి, ఆయన ముంగట నిలవడి, ఆయన గొంతు మీద అరచెయ్యి వెట్టిండు.

“బాపు” అన్నడు.

మొఖం ఎర్కలేదు గని, గొంతు ఎర్కే. నేను పంపిన మాటల ఆ సగం లేనే లేదు. ఆయన నీళ్ల చెంబు ఇడిసి, చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. అసువంటిది నేను మల్ల సూడలే.

ఆయన మల్ల దుబాయి పోలే. కామారెడ్డిల సైకిల్ దుకాణం పెట్టుకున్నం. ఏండ్లు గడిచినయి. ఎవరన్న సుట్టాలొస్తే చాలు, రాకున్నా మంచిదే అన్న నా మాట నా గొంతుతోనే చెప్పి నవ్విస్తడు, ఒక్క అక్షరం తప్పదు. మరి కొడుకు వచ్చి గొంతు మీద చెయ్యి వెట్టిన సంగతి చెప్పవేందని నేనడుగుత.

నవ్వు ఆపి, “అట్లయిందా?” అంటడు.