పద్నాలుగు సార్లు సిద్ధమైన చీర

ఆ రోజుల్లో నాకు తెలియనిది ప్రపంచంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఇంకెవరికీ లేదన్న సంగతి మాత్రం తెలియదు.) బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఆరు నెలలు కావస్తోంది. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే అప్పగించిన పని చేసి చూపించాలి. ఆ పనేమిటంటే, ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్‌కి 'వెనక్కి' అనే మీట పెట్టడం. మామూలు డీబగ్గర్‌లో ప్రోగ్రామును ఒక్కో అడుగూ ముందుకే నడిపించగలం. తప్పు జరిగిన చోటు దాటిపోతే మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. నా మీట నొక్కితే ఒకడుగు వెనక్కి వెళ్లాలి.

నా ఉపాయం చాలా తేలిక. ప్రోగ్రాము నిజంగా వెనక్కి నడవదు. మీట నొక్కగానే గుట్టుచప్పుడు కాకుండా మొదటి నుంచి పరుగెత్తి, ఇందాక ఆగిన చోటికి ఒకడుగు ఇవతల ఆగుతుంది. చూసేవాళ్లకి వెనక్కి వెళ్లినట్టే ఉంటుంది. మా మేనేజరు సార్‌కి చూపించడానికి, మంగళగిరిలో ఒక చీరల షాపుకి మేం రాసిన ప్రోగ్రాము తీసుకున్నాను. ఉత్తుత్తి పేరు పెట్టుకోవచ్చు గానీ, అసలు కస్టమరు పేరూ ఫోన్ నంబరూ ఉంటేనే దర్జాగా ఉంటుందనిపించి, ఒక నిజం ఆర్డరే ఎక్కించాను. టకటకా పదమూడు సార్లు వెనక్కి నొక్కాను. సార్ "శభాష్" అన్నారు. ఛాతీ ఉబ్బిపోయింది.

మధ్యాహ్నం షాపాయన ఫోన్. "ఏవండీ, భవానీపురం టీచరమ్మగారికి చీర రెడీ అయిందని పద్నాలుగు మెసేజీలు పంపారంట! అదింకా మగ్గం మీదే ఉందండీ. పాపం ఆవిడ ఇంత ఎండలో ఆటో కట్టించుకుని వచ్చి, ఉత్త చేతుల్తో వెళ్లారు."

దారిలో 'చీర రెడీ' అని కస్టమరుకి మెసేజీ పంపే పని ఒకటుందని నేను పట్టించుకోలేదు. ప్రోగ్రాము మొదటి నుంచి పరుగెత్తినప్పుడల్లా దాన్ని కూడా శ్రద్ధగా చేసింది. (అసలు నడకకి ఒకటి, నా వెనకడుగులకి పదమూడు.) సార్ మొహం మారిపోయింది. "ముందు వెళ్లి ఆవిడకి సారీ చెప్పు. సోమవారానికి ఈ మీట సంగతి తేల్చు. రెండిట్లో ఏది అవ్వకపోయినా పర్మనెంటు మాట మర్చిపో" అన్నారు. ఆ సాయంత్రమే భవానీపురం వెళ్లాను.

టీచరమ్మగారు చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూనే తలుపు తీసి, కూర్చోమని సైగ చేశారు. "షాపాయన 'ఇంకా నేతలోనే ఉందండీ' అన్నాడే! అంతకు ముందు బ్యారేజీ మీద అరగంట ఇరుక్కుపోయాం. అంతకు ముందు, ఇంటికి తాళం వేస్తుంటేనే ఇంకో రెండు మెసేజీలు!" ఫోన్ పెట్టేసి పక్కింటావిడకి చెప్పారు. తర్వాత నాకు. కథ చివరి నుంచి మొదటికీ, మొదటి నుంచి చివరికీ తిరుగుతూనే ఉంది గానీ, ఆవిడ మళ్లీ ఆటో ఎక్కలేదు. షాపాయన అన్న మాట ఆవిడ దగ్గర పొల్లుపోకుండా ఉంది. దాని కోసం మళ్లీ మంగళగిరి వెళ్లక్కర్లేదు. నా ప్రోగ్రాము కూడా బయటి నుంచి వచ్చిన జవాబుల్ని మొదటిసారే రాసిపెట్టుకుని, వెనక్కి వెళ్లినప్పుడు మెసేజీ మళ్లీ పంపకుండా అవే చదువుకుంటే సరిపోదా?

"అర్థమైందండీ!" అంటూ లేచి నిలబడ్డాను.

"ఏం అర్థమైంది బాబూ? నేనింకా తిట్టడం మొదలుపెట్టందే!"

తిట్లన్నీ తిని, క్షమించమని అడిగి, కాఫీ కూడా తాగి వచ్చాను. సోమవారానికి మీట కుదిరింది, ఉద్యోగమూ నిలిచింది. నెల తర్వాత చీర నిజంగానే సిద్ధమై, ఒకే ఒక్క మెసేజీ వెళ్లింది. వారమైనా టీచరమ్మగారు రాలేదు. షాపాయన నన్నే పిలిపించి చీర చేతిలో పెట్టాడు. బస్సెక్కి భవానీపురం వెళ్లాను.

"మెసేజీ రాలేదాండీ?" అని అడిగాను.

"వచ్చింది బాబూ. మిగతా పదమూడూ రానీ, బయల్దేరదామని చూస్తున్నా" అన్నారావిడ, అంచు వేళ్లతో తడిమి చూసుకుంటూ.

ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఆ మీటని రోజంతా నొక్కుతుంటారు. ఎవరికీ ఏమీ వెళ్లదు. నేను మాత్రం నొక్కాక ఒకసారి ఫోన్ వంక చూస్తాను, ఎవరైనా పిలుస్తున్నారేమోనని. అన్నీ తెలిసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది, వాడి మీద కాస్త బెంగ కూడా.