తుమ్మవేళ్ళ బుడిపెలు

ఇస్త్రీబండి దగ్గర బొగ్గు రాజుకునే వాసన తగిలితే చాలు, నాకు ఎస్తేరమ్మ టీచరు గుర్తుకొస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క మా చిత్తూరు బస్సులు బొగ్గుగ్యాసుతో నడిచేవి. ఆ బొగ్గు కోసం ఊరూరా తుమ్మచెట్లు నరికేవారు. పూతలపట్టు దగ్గర మా మెట్టచేలోని ఏడు చెట్లనూ ఒక కాంట్రాక్టరు అడిగితే నాయన సరేనన్నాడు. నేనప్పుడు చిత్తూరు ఆడపిల్లల బడిలో కొత్త పంతులమ్మను. ఎస్తేరమ్మగారు అక్కడ సైన్సు చెప్పేవారు. సంగతి వినగానే కాఫీ సగంలో వదిలేసి లేచారు. "ఇంకా నరకలేదు గదా? ఆదివారం ప్రార్థన అయిపోతానే పోదాం కమలా!"

మేం చేను చేరేసరికి అప్పుడే వాన పడి వెలిసింది. ఆమె తెల్లచీరతోనే బురదలో కూర్చుని, జానెడు తుమ్మమొక్కను మట్టితో సహా పెకలించి నీళ్ళలో కడిగారు. సన్నని వేళ్ళకు సజ్జగింజలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చారు. లోపల లేత ఎరుపు!

"సూడు, పని చేస్తా ఉండాది! గాలిలో నత్రజనిని పట్టి చెట్టుకు ఎరువు చేసే సూక్ష్మజీవులు దీంట్లో ఉండాయి. ఆకు రాలితే ఆ సత్తువ నేలకూ దిగుతాది. ఆ చెట్ల కింద సజ్జపైరు ఎంత పచ్చగా ఉండాదో సూడు!"

గట్టు మీద నాయన నవ్వాడు. "ఎండాకాలమంతా ఆ నీడలో మేకలు పండుకుంటాయి టీచరమ్మా. సత్తువ పెంటికలది, బుడిపెలది కాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె ముఖం మాత్రం వెలిగిపోయింది. "బలే అడిగినావన్నా! నాకిది తట్టనే లేదు. రెండు నెలలు గడువియ్యి."

ఆరు కుండల్లో, సూక్ష్మజీవులు చచ్చేలా వేయించిన ఏటి ఇసుక, కాస్త కట్టెల బూడిద నింపి తుమ్మగింజలు వేశాం. మూడింటిలో మాత్రం బుడిపెలు నూరిన నీళ్ళు పోశాం. రోజూ బడికి పోయేముందు నేను ఆమె ఇంటికి పరుగెత్తేదాన్ని. కాంట్రాక్టరు రెండుసార్లు వస్తే నాయన, "పంతులమ్మలు పరీక్ష పెట్టినారు, ఆగప్పా" అని పంపేశాడట!

రెండు నెలలకు, బుడిపెల నీళ్ళు పోయని మూడు కుండల్లో మొక్కలు పసుపు తిరిగి గిడసబారాయి. మిగతా మూడింటిలో ముదురాకుపచ్చగా లేచాయి. ఆ కుండలను బొగ్గుబస్సులోనే ఒళ్ళో పెట్టుకుని పోయాం. నాయన ఒక మొక్కను తానే పీకి, బుడిపెను చీల్చి చాలాసేపు చూశాడు.

"మేకలు లేకుండానే పెరిగినాయే! చెట్లు ఇయ్యనని వానికి చెప్పేస్తా."

నేను చప్పట్లు కొట్టాను. ఆమె మాత్రం, "చేలో సత్తువకు మేకల వాటా కూడా కొంత ఉంటాదన్నా. ఎంతో మాత్రం నాకు తెలీదు" అన్నారు.

తర్వాత నేనూ ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఏ పిల్లో లేచి "కాదు టీచర్" అంటే నాకెప్పుడూ కోపం రాలేదు. గుండె సంతోషంతో గంతులేసేది. ఆ సంతోషం ఎస్తేరమ్మగారిది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.