అలకని గోడ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గోడ అలకడమంటే ముందుగా మా నాయనమ్మ పేరే చెప్పేవారు. భద్రాచలం అడవి అంచున, వాగుకు ఇవతల మా ఊరు, అవతల ఆదివాసుల గూడెం. ఎర్రమట్టిలో పేడ, ఊక కలిపి కాళ్ళతో తొక్కి, అరచేత్తో ఆమె గోడ అలికితే ఒక్క వేలి గుర్తు కనబడేది కాదు. పెళ్ళిళ్ళప్పుడు పొరుగూళ్ళ వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే ఉండేది. పక్కింటి అక్క ఏడాదికోసారైనా గోడలు సరిగా అలకదని, ఆ గోడను చూసి గేదెలు కూడా మొహం తిప్పుకుంటాయని ఎత్తిపొడిచేది. అక్క నవ్వి ఊరుకునేది. పొలం పనితో, ఇద్దరు పిల్లలతో ఆమెకు పొద్దు చాలేది కాదు.

ఏటా వానలు తగ్గుముఖం పట్టే వేళకు దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చేవారు. బకెట్లూ పంపులూ మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, గోడలకు డి.డి.టి. కొట్టి, గుమ్మం పక్కన ఎర్రటి జాజుతో తేదీ రాసి పోయేవారు. వాళ్ళు పోయాక చూస్తే గోడల నిండా తెల్లటి చారికలు, ఇంటి నిండా వాసన. అప్పటికి బతుకమ్మ పండుగ నెల రోజుల్లో ఉండేది. ఆ చారికల గోడలతో పండుగ చేసుకోవడం మా నాయనమ్మ వల్ల అయ్యే పనేనా? మూడోనాటికల్లా మట్టి తొక్కి ఇల్లంతా అలికేసేది. ఆమెను చూసి ఊరంతా అలికేది. మందు గోడలోకి ఇంకింది కదా, పైన మట్టి పూస్తే ఏం పోయిందిలే అనుకునేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అట్లా అలికిన రెండు వారాలకు మా చెల్లెలికి చలిజ్వరం వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. మూడు గొంగళ్ళు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకునేవి. చెమట పట్టి లేచి కూర్చుంటే అమ్మయ్య అనుకునేవాళ్ళం, రోజు తప్పించి రోజు మళ్ళీ వచ్చేది. ముందటేడు గూడెంలో ఇదే జ్వరంతో పిల్లలు పోయారు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు గానీ మా అమ్మ మొహంలో కనబడేది. నాయనమ్మ మొక్కని దేవుడు లేడు.

జ్వరాలు ఎవరికున్నాయో కనుక్కోవడానికి పదిహేను రోజులకోసారి వచ్చే మలేరియా సారు ఆ వారం వచ్చాడు. చెల్లెలి వేలు పొడిచి గాజుపలక మీద రక్తం తీసుకుని, చేదు బిళ్ళలు మింగించాడు. బయటికి వస్తూ గుమ్మం పక్కకు చూశాడు. జాజు రాత లేదు. అరచేత్తో గోడను నిమిరి చూశాడు. తిడతాడేమోనని మేం బిక్కచచ్చిపోయాం. ఆయన మాత్రం అలుకు ఎంత నున్నగా ఉందో మెచ్చుకుని, నాయనమ్మను రెండు లాంతరు గాజు చిమ్నీలు అడిగాడు.

మర్నాడు తెల్లవారుతూనే మా పశువుల కొట్టంలో దూరి, గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తూ దోమలను పట్టాడు. మేం పిల్లలం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ దోమలను రెండు గాజుల్లోకీ చెరిసగం వదిలి, ఒక కొసకు గుడ్డ కట్టి, రెండో కొసను గోడకు ఆనించి పట్టుకోమన్నాడు. ఒకటి మా గోడకు ఆనించి నాయనమ్మే పట్టుకుంది. రెండోదానికి, మందు కొట్టాక ఎవరి చెయ్యీ తగలని గోడ కావాలి. అట్లాంటిది పక్కింటి అక్కదొక్కటే దొరికింది. గంటసేపు అయ్యాక రెండో కొసలకూ గుడ్డ కట్టి, పైన తడిబట్ట కప్పి, మర్నాటిదాకా ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు సారు రాకముందే నాయనమ్మ ఆ తడిబట్ట తీసేసింది. అక్క గోడకు పట్టిన గాజులో దోమలన్నీ రాలిపడి ఉన్నాయి. మా గోడకు పట్టిన గాజులో గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. నాయనమ్మ అరుగు మీద కూలబడింది. అక్క పిల్లలిద్దరూ వాకిట్లో చింతగింజలు ఆడుకుంటున్నారు. వాళ్ళకు ఆ ఏడు ఒళ్ళు వెచ్చబడింది కూడా లేదు. లోపల మా చెల్లెలు మూలుగుతోంది.

సారు వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. "మందు గోడ లోపల ఉండదమ్మా, పైన్నే ఉంటది. దోమ వచ్చి వాలితే దాని కాళ్ళకు అంటాలె. అలుకుడు తప్పుకాదు. మేం రాకముందు అలుకు. మేం పోయినంక మూణ్ణెల్లు గోడ జోలికి పోకు."

నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. తప్పు ఒప్పుకుంది గానీ అంతటితో ఊరుకునే మనిషి కాదు. "మీరొచ్చేది మాకెట్ల తెలుస్తది సారూ? పండుగ ముందల వచ్చి గోడలు ఖరాబు చేసిపోతే ఏ ఆడమనిషి ఊకుంటది? పదిరోజులు ముందుగాల కబురు చెయ్. ఊరి గోడలన్నీ నేను అలికిపిస్త."

సారు ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఊరూరా మందు కొడుతున్నామే గానీ గోడ అలికే మనిషిని ఒక మాట అడగాలని మాకెవరికీ తోచలేదని తర్వాత మా నాయనతో అన్నాడట.

రెండు రోజుల్లో మా ఊళ్ళో మళ్ళీ మందు కొట్టారు. ఆ ఏడు బతుకమ్మకు ఊరికంతటికీ పేరు మోసిన అలుకుడు మనిషి ఇల్లు తెల్లటి చారికలతోనే ఉంది. చుట్టాల్లో ఒకామె, ఏంది ఈసారి చేతులు పడిపోయినయా అని నవ్వింది. నాయనమ్మ, బిళ్ళలన్నీ మింగి తేరుకుని గుమ్మంలో గునుగు పూలు పేరుస్తున్న మా చెల్లెలిని చూపించి, "గోడ మళ్ళ అలుకుత. పిల్ల మళ్ళ వస్తదా?" అంది. తర్వాత సున్నం కలుపుకొచ్చి, తనకు చదవరాని ఆ జాజు తేదీ చుట్టూ ఎంతో ఒద్దికగా ముగ్గుతో అంచు కట్టింది. ఆ ముగ్గు పెడుతుంటే పక్కన సున్నం చిప్ప పట్టుకుని నిలబడింది పక్కింటి అక్క. ఆ రోజు తర్వాత ఆమె గోడ గురించి నాయనమ్మ నోటివెంట ఒక్క ఎత్తిపొడుపు మాట రాలేదు.

మరుసటేడు సారు మాట తప్పకుండా పదిరోజుల ముందే కబురు పంపాడు. నాయనమ్మ ఊరంతా తిరిగి అలికించింది. వాగు దాటి గూడేనికీ పోయింది. అక్కడి వాళ్ళు దేవుళ్ళుండే లోపలి గదిలోకి మందు కొట్టేవాళ్ళను రానిచ్చేవారు కాదు. వాళ్ళ భాష నాయనమ్మకు సగమే వచ్చు. వచ్చిన సగంతోనే ఒప్పించి, కుండలూ విత్తనాల బుట్టలూ తానే బయటికి మోసి, ఆ గదులు కూడా అలికించి, మందు కొట్టించింది. ఆ పండుగకు వాగుకు రెండు వైపులా ప్రతి గుమ్మం పక్కన జాజు రాత, ఆ రాత చుట్టూ ముగ్గు. ఆమె వేలు పట్టుకుని ఆ ఇళ్ళ మధ్య నడిచినప్పుడు నాకు కలిగినంత గర్వం మళ్ళీ ఎన్నడూ కలగలేదు.

ఇప్పుడు మాది స్లాబు ఇల్లు, అలికే గోడ లేదు. పసిపిల్లలకు పోలియో చుక్కలు వేసే అమ్మాయిలు వచ్చి, తలుపు మీద సుద్దముక్కతో గుర్తు రాసి పోతారు. దాన్ని తుడిచేద్దామని మా కోడలు తడిగుడ్డ తెస్తే ఆపుతాను. మోకాళ్ళు నొప్పి పెడుతున్నా అక్కడే నిలబడి ఆ గుర్తు చుట్టూ ముగ్గు పెట్టాకే లోపలికి వస్తాను.