అడుగున నిలిచిన ఆముదం

కమల ఇంటి మెట్లెక్కుతుంటేనే ఆముదం వాసన తగులుతుంది. తలకు పెట్టుకునే ఆముదం వాసన కాదు, ఇంజిన్‌లో కాలిన ఆముదం వాసన. కాస్త తియ్యగా, కాస్త పొగచూరినట్టుగా ఉంటుంది. ఫరీదాబాద్‌లో మా గల్లీ వాళ్ళకు మొదట్లో అదేమిటో అంతుపట్టలేదు. నేను అడిగితే చెప్పింది.

"రేసు బండ్ల వాసన సార్. మా ఆయన బట్టలకు పట్టి ఇంటికొస్తది. ఎంత ఉతికినా పోదు."

ఆ వాసన వెనకాల ఉన్న సంగతంతా తెలియడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది. కమల ఒక్కసారిగా చెప్పే మనిషి కాదు. చాయ్ పెడుతూ సగం చెబుతుంది, పాలు పొంగాయని లేచిపోతుంది, తిరిగొచ్చి ఇంకెక్కడో మొదలుపెడుతుంది. తొందరపెట్టకుండా కూర్చుంటే అన్నీ వాటంతటవే ఒక వరుసకు వస్తాయి.

ఆమెది పాలమూరు వైపు పల్లె. వాన నమ్మకం లేని చెలకల్లో ఆముదాలు వేసుకునే ఇల్లు. భర్త దశరథ్ ఇక్కడ ఫ్యాక్టరీల నడుమ ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఇంజిన్ సిలిండర్ల లోపలి గోడకు గట్టి లోహపు పూత వేయడం అతని పని. ఆ పూత ఉంటే లోపల తిరిగే పిస్టన్ గోడను అరగదీయదు. గో-కార్ట్ రేసులు ఢిల్లీ చుట్టుపక్కల మొదలయ్యాక ఆ బుల్లి బండ్ల సిలిండర్లు కూడా అతని దగ్గరకు రావడం మొదలైంది. ఎవరో పనికిరాదని వదిలేసిన ఇంజిన్‌ను తెచ్చి, పూత వేసి, బాగుచేసి, చివరికి కూతురు వీణనే అందులో కూర్చోబెట్టాడు. వీణ కాలేజీ పిల్ల. ఇక్కడే పుట్టింది. అమ్మ తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తుంది.

ఈ ఇంజిన్లకు ఆయిలు పోసే చోటు వేరే ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే లోపలికెళ్ళి పిస్టన్‌ను తడిపి, తనూ కాలి, పొగై బయటికొస్తుంది. అది అందకపోతే పిస్టన్ గోడను కరుచుకుంటుంది. మామూలు బండికైతే క్లచ్ ఉంటుంది, నొక్కితే చక్రం విడిపోతుంది. వీణ బండికి అదీ లేదు. ఇంజిన్ బిగుసుకుపోయిన క్షణాన వెనక చక్రాలు రెండూ ఆగిపోతాయి. వెనకాల బండ్లు తోసుకుని వస్తూనే ఉంటాయి.

దశరథ్ ఆముదాన్నే నమ్మేవాడు. "ఏ ఫారిన్ ఆయిలైనా వేడికి పల్చబడతది. ఆముదం ఇనుమును ఇడువదు" అనేవాడు. కాకపోతే దానికి చలి పడదు. చలిలో పెట్రోలుతో కలిసి ఉండలేక విడిపోతుంది. అందుకని అతను ఒక మందు కొంచెం కలిపేవాడు. ఆ సీజనంతా అలాగే గడిచింది. డబ్బాలోంచి పెట్రోలు పోసే పని కమలది. కలిపేది అతను, పోసేది ఆమె.

2006 జనవరిలో నోయిడా అవతల రేసు. పెట్రోల్లో ఆయిలు తప్ప ఏ మందూ కలపకూడదని, దొరికితే ఆటలోంచి తీసేస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు. దశరథ్ కలపలేదు. ఆ సంగతి కమలకు చెప్పాలని అతనికి తట్టలేదు. పొద్దున్నించీ పొగమంచు. వ్యాన్‌లో డబ్బా మంచుగడ్డలా చల్లబడి ఉంది. రేసు ఇప్పట్లో కాదులే అనుకుంటుండగా మంచు విడిపోయింది, వీణ వాళ్ళ వంతు ముందుకొచ్చింది. దశరథ్ కాగితాలు చూపించడానికి ఆఫీసు గదికి పరిగెత్తాడు.

కమల డబ్బా దించింది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, లోపలిది బయటికి కనిపిస్తుంది. అడుగున చిక్కగా, పసుపుగా ఏదో పేరుకుని ఉంది.

అలాంటిది ఆమె చిన్నప్పటినుంచీ చూసిందే. ఇంట్లో ఆముదం వండేటప్పుడు గింజలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనె తీసి కుండలో పోసేవాళ్ళు. చల్లారాక అడుగున మడ్డి దిగేది. అప్పుడు కుండను కదపకుండా, ఊపిరి బిగబట్టినంత నెమ్మదిగా వంచి పైన తేట మాత్రమే వంపుకోవాలి. కుండ కదిలిందో, వాళ్ళమ్మ చెయ్యి వీపు మీద పడేది. కమల చెయ్యి అందుకే అంత నిదానం.

గరాటుకు పలుచటి గుడ్డ కట్టి, డబ్బాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి, సన్నటి ధారగా వంచింది. పక్క బండి మెకానిక్ సర్దార్జీ చూసి నవ్వాడు.

"భాభీజీ, ఇంజన్ కో దూధ్ పిలా రహీ హో క్యా?"

పాలు తాగిస్తున్నావా అంటే ఆమె ఊరుకుంటుందా? "హా భయ్యా, ఆప్ వాలా తో కచరా భీ పీ లేతా హై!" అంది. మీది చెత్తయినా తాగుతుంది, మాది తాగదు అని.

తేటంతా ట్యాంకులోకి పోయింది. పసుపు చిక్కదనం డబ్బాలోనే నిలిచింది. ఒక్క చుక్క జారనివ్వలేదు. వీణ హెల్మెట్ పెట్టుకుని ఎక్కింది. "మమ్మీ, జల్దీ" అని చెయ్యి ఊపింది. బండ్లన్నీ కదిలాయి.

దశరథ్ తిరిగొచ్చి, డబ్బా వ్యాన్‌లో పెట్టబోయి ఆగిపోయాడు.

"కమలా, ఏందిది?"

"మడ్డి. నేనే ఆపిన. ఒక్క చుక్క గూడ పోనియ్యలే."

"మడ్డి కాదే..." అతను డబ్బాను వెలుగుకెత్తి చూశాడు. "ఆయిలే అది. పొయ్యాల్సిన ఆయిలంత ఇందులనే ఉన్నది. ఊపి పొయ్యాలె కదనే!"

ఆ మాట ఎలా అర్థమైందో కమల నాకు సరిగ్గా చెప్పలేకపోయింది. "కాళ్ళు ముందుగాల ఉరికినయి సార్, నేను తర్వాత ఉరికిన" అంది.

ట్రాక్ అంచున జెండాలు పట్టుకున్న మనిషి అడ్డం నిలబడ్డాడు. "ఆంటీజీ, పీఛే హటియే" అని వెనక్కి జరగమన్నాడు.

"మేరీ బేటీ కో రోకో! ఇంజన్ జామ్ హో జాయేగా! తేల్ నహీ హై ఉస్మే!" ఇంజిన్‌లో ఆయిలు లేదు, బిగుసుకుపోతుంది, నా బిడ్డను ఆపండని కమల అరిచింది.

"సబ్‌కే బచ్చే హై అందర్. కంట్రోల్ రూమ్ మే బోలో. మై ఐసే నహీ రోక్ సక్తా." లోపల అందరి పిల్లలూ ఉన్నారు, తన అంతట తాను ఆపలేనని, కంట్రోల్ గదిలో చెప్పమని.

కంట్రోల్ గది ట్రాక్‌కు అవతలి కొసన ఉంది. దశరథ్ అటు పరిగెత్తాడు. కమల అక్కడే తీగల కంచెను పట్టుకుని నిలబడిపోయింది.

బండ్లు వచ్చాయి. ఒక్కొక్కదాని వెనకా పల్చటి నీలి పొగ. వీణ మూడో స్థానంలో ఉంది. ఆమె వెనక పొగ లేదు. దాటిపోయాక ఆముదం వాసన కూడా లేదు. పోయినసారి మిగిలిన తడేదో లోపల ఉన్నట్టుంది, దాని మీద నడుస్తోంది.

మళ్ళీ వచ్చింది. పొడుగు దారి చివర వీణ స్టీరింగ్ మీది నుంచి ఒక చెయ్యి తీసి వెనక్కి చాపి, ఇంజిన్ గాలి పీల్చే రంధ్రం మీద అడ్డం పెట్టింది. అది దశరథ్ నేర్పిందే. గాలి తగ్గితే పెట్రోలు ఎక్కువ వెళ్తుంది, దాంతో ఆయిలూ ఎక్కువ వెళ్తుంది, ఇంజిన్ చల్లబడుతుంది. ఇప్పుడు వెళ్ళేది ఒట్టి పెట్రోలు. ఉన్న కాస్త తడినీ అది కడిగేస్తుంది. బిడ్డ జాగ్రత్తగా, చెప్పింది చెప్పినట్టు చేస్తోంది.

"వద్దు బిడ్డా, చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యి!" కమల అరుపు ఆ రొదలో ఆమెకే వినబడలేదు.

ఇంజిన్ గొంతు మారింది. సన్నగా, గీరుకుపోతున్నట్టు. కమల కంచె దాటింది. చీర కుచ్చిళ్ళు తీగకు పట్టుకుంటే లాగి చింపుకుంది. పేర్చిన టైర్ల మీదికెక్కి అవతలి గడ్డిలోకి దూకింది. జెండా మనిషి వెనక నుంచి "అరే పాగల్! మరేగీ క్యా!" చస్తావా పిచ్చిదానా అంటూ ఈల ఊదుతున్నాడు. ఆమె గడ్డి అంచున, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

వీణ మలుపు తిరిగింది. తల్లిని చూసింది. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేసింది.

ఆ వేగంలో కాలు తీసేస్తే ఇంజిన్‌ను చల్లబరిచే ఆ కాస్త పెట్రోలూ అందదు. కీచుమని ఒక చప్పుడు. వెనక చక్రాలు బిగుసుకున్నాయి. బండి అడ్డం తిరిగి, గిర్రున తిరుగుతూ, తారు మీంచి గడ్డిలోకి జారింది. వెనకొస్తున్న బండి, క్షణం ముందు వీణ ఉన్న చోటు మీదుగానే దూసుకుపోయింది. వీణ బండి టైర్లకు వీపు తాకించి ఆగింది.

కమల దగ్గరకు చేరేసరికి వీణ హెల్మెట్ తీసి విసిరికొట్టింది.

"మమ్మీ! దిమాగ్ ఖరాబ్ హై క్యా? మై థర్డ్ థీ!" బుర్ర చెడిందా, నేను మూడో స్థానంలో ఉన్నాను కదా అని.

కమల ఆమె మొహం తడిమింది, భుజాలు తడిమింది. మెడ తడుముతుంటే వీణ చేతులు తోసేసింది. ఎడమ మణికట్టు అప్పటికే వాచిపోయింది. అది ఇద్దరూ చూడలేదు.

దశరథ్ వచ్చి ముందు కూతురిని చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని వెనక చక్రాన్ని రెండు చేతులా తిప్పబోయాడు. కదల్లేదు. "ఇంకో సుట్టు వొయ్యుంటే..." అని, ఆ మాట అక్కడే మింగాడు. పొడుగు దారిలో గుంపు నడుమ అయితే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు.

నిర్వాహకులు విచారణ పెట్టారు. ట్రాక్ మీదికి వచ్చిందెవరని అడిగితే దశరథ్ "తప్పు నాది, ఆయిలు నేను కలిపిన" అన్నాడు. కమల అతన్ని పక్కకు జరిపి, "పోసింది నేను. ఉరికింది నేను" అంది. ఆ ఏడాదికి వాళ్ళ బండిని రేసుల్లోంచి తీసేశారు. సిలిండర్ విప్పి చూస్తే దశరథ్ తన చేత్తో వేసిన పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి ఉంది.

వీణ కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను చివరిసారి వెళ్ళిన రోజుకు కూడా తల్లితో మాట్లాడడం లేదు. అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెడితే తీసుకుని మళ్ళీ తలుపు వేసేసుకుంటోంది.

"ఎన్నాళ్ళమ్మా ఇట్లా?" అన్నాను.

పళ్ళెం తీసుకున్న వీణ గది తలుపు ధడాలున పడింది. కమల ఆ చప్పుడు ఆగేదాకా విని, నా వైపు తిరిగింది.

"మాట్లాడకపోనీ సార్. కోపం చేసేటందుకు మనిషి ఉన్నది గదా ఇంట్ల."